బ్యాటరీ గూటికి చిత్రిక

తలుపు ఉబ్బి పట్టేస్తే ఏం చేయాలో మేస్త్రీకి ఒకళ్ళు చెప్పాలా? వానలు మొదలయ్యాయంటే ఆయన ఫోన్ మోగుతూనే ఉంటుంది. స్నానాల గది తలుపు పడట్లేదని ఒకావిడ, పెరటి తలుపు తెరుచుకోవట్లేదని ఒకాయన. మేస్త్రీ వెళ్ళి ఎక్కడ ఒరుసుకుంటోందో అరచేత్తో తడిమి చూసేవాడు. నాలుగు లాగులు చిత్రిక పట్టి, అంచులు గరుకు కాగితంతో రుద్దేసేవాడు. ఆ తర్వాత తలుపు వేలితో తోస్తే చాలు, మెత్తగా వెళ్ళి పడేది. కొత్త తలుపు కొనుక్కోండని ఆయన ఎవరికీ చెప్పి ఎరగడు. అదీ ఆయన గొప్ప. ఆ గొప్పే చివరికి కొంప ముంచింది.

వడ్రంగం ఒక్కటే కాదు, ఇళ్ళ కప్పులెక్కి రేకులు సర్దడం, కారే చోటు వెతకడం కూడా ఆయన పనే. మోకాలు మొరాయించి, నిచ్చెన ఎక్కితే ఊరుకోనని డాక్టరు గట్టిగా చెప్పాక ఇంట్లో కూలబడ్డాడు. ఇంట్లో కూర్చున్న మగాడితో ఎంత హాయో ఆయన భార్యని అడగాలి. డబ్బా మూతలు కూడా వదల్లేదు మనిషి, అన్నీ బిగించి పెట్టాడు. పాపం ఆవిడ ఉప్పు తీసుకోవాలన్నా ఈయన్నే పిలవాల్సి వచ్చేది.

అప్పుడు చెల్లెలు ఒక డ్రోన్ తెచ్చింది. ఆయనకంటే చాలా చిన్నది ఆ పిల్ల, ఆయన చంకనెత్తుకుని తిప్పిన పిల్ల. వాళ్ళింటి మేడ మీది గదిలోనే ఉంటుంది. ఫోటో స్టూడియోలో పనిచేస్తూ డ్రోన్ నడపడం నేర్చుకుంది.

"ఎక్కడమెందుకు అన్నయ్యా, ఎగరేద్దాం" అంది.

అలా మొదలైంది వాళ్ళ పని. పెద్ద పెద్ద మేడలకి ఎక్కడ బీటలు పడ్డాయో, ఏ గోడలో చెమ్మ దిగుతోందో పైకెగరేసి ఫోటోలు తీసేది. మేడల్లో వాళ్ళంతా ఆ పిల్లకి గద్దమ్మ అని పేరు పెట్టేశారు. మేస్త్రీ కూడా అలాగే పిలిచి ఉడికించేవాడు. ఎంత గాలిలోనైనా ఆ యంత్రాన్ని కిటికీ చూరు పక్కన మేకు కొట్టి వేలాడదీసినట్టు నిలబెట్టేది. రిమోట్ మీద రెండు బొటనవేళ్ళు, అంతే. ఆ పిల్ల విద్యంతా ఆ వేళ్ళలోనే ఉంది.

మరి అన్నయ్యకేం పని? అది కూడా ఆలోచించింది చెల్లెలు, మంచి మనసు. కింద నిలబడి జనాన్ని దూరంగా జరపడం, బ్యాటరీలు చార్జింగ్ పెట్టి, అయ్యాక డ్రోన్‌లో పెట్టడం ఆయనకి అప్పజెప్పింది. పని చిన్నదే గానీ ఆయన దాన్ని ఎంత శ్రద్ధగా చేసేవాడో! డ్రోన్ వెనకాల గూడులా ఖాళీ ఉంటుంది. బ్యాటరీ అందులోకి తోస్తే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. ఆ టక్కు వినిపించాక ఆయన మళ్ళీ ఒకసారి లాగి చూసి మరీ ఇచ్చేవాడు. మొదట్లో ఆ పిల్ల కూడా తన చేత్తో లాగి చూసుకునేది. తర్వాత మానేసింది. అన్నయ్య పెట్టాక ఇంక చూసేదేముంది?

ఒక్క మాట మాత్రం మొదటి రోజే చెప్పింది. "ఏ బ్యాటరీ అయినా ఉబ్బినట్టు అనిపిస్తే నాకు చెప్పు అన్నయ్యా. కొంచెమే అయినా సరే. అది ఇంక బ్యాటరీ కాదు, బాంబు."

"సర్లేవే, బాంబులూ తుపాకులూ" అని నవ్వేశాడు మేస్త్రీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే వంతెనలు చూసే కంపెనీ ఒకటి ఆ పిల్లని పిలిచింది. స్తంభాల మధ్యనుంచి, వంతెన పొట్ట కింద గాలి సుడులు తిరిగే చోట ఎగరేసి చూపించాలట. నెగ్గితే ఉద్యోగం. ఈ మేడల చుట్టూ తిరిగే బాధ ఉండదు. చిన్నప్పట్నించీ పక్కింటి గోడ మీంచి తొంగిచూసే పిల్లకి ఇంతకంటే ఏం కావాలి? పనికెళ్ళినా, పని అయ్యాక మైదానంలోనైనా ఒకటే సాధన. తిండి లేదు, నిద్ర లేదు. "పోతే పోనీవే, లోకం మునిగిపోదు" అని వదిన అంటే, "మునుగుతుంది వదినా" అనేది.

ఒక పొద్దున మేస్త్రీ బ్యాటరీ పెట్టబోతే సగంలో ఆగిపోయింది. తీసి చూశాడు. ఒక పక్క కాస్త పొంగినట్టుంది, భోంచేసి పడుకున్నవాడి పొట్టలాగా. అరచేత్తో తడిమాడు. అలవాటు కొద్దీ గూడు అంచులు తడిమాడు. ఎక్కడ ఒరుసుకుంటోందో ఇట్టే దొరికిపోయింది.

చెల్లెలు చెప్పిన మాట గుర్తు రాలేదా? వచ్చింది, ఎందుకు రాదు! కానీ చెప్తే వెంటనే పడేస్తుంది. ఉన్నవే మూడు. కొత్తది తెప్పించేసరికి పరీక్ష అయిపోతుంది. ఇప్పటికే ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాం, ఇది కూడా నెత్తిన వేయాలా అనుకున్నాడు. పైగా లోలోపల ఇంకోటి ఉంది, ఆయన ఒప్పుకోడు గానీ. తన చేతికిచ్చిందే కాస్తంత పని. అందులో కూడా ఏదో తేడా వచ్చిందని వెళ్ళి చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు. ఉబ్బిందేగా, ఎండలొస్తే తలుపైనా తగ్గుతుంది అని తనకి తనే సర్ది చెప్పుకున్నాడు. ఎండకి తగ్గడానికి అదేమైనా చెక్కా?

వంటింటి గట్టు మీద డ్రోన్ పెట్టుకుని ఆకురాయి తీశాడు.

"ఏంటండీ అది, ఆడపడుచు సామాను చెక్కేస్తున్నారు?" అంది భార్య.

"గూడు బిగుతైంది. కాస్త వదులు చేస్తున్నా."

ఆవిడ వంగి చూసింది. "గూడు బిగుతవడం కాదు, ఇది ఉబ్బింది. నా చెప్పులు పట్టకపోతే కాళ్ళెందుకు వాచాయే, డాక్టరుకి చూపించుకో అంటారు. దీనికి మాత్రం చెప్పు కోసేస్తున్నారా?"

"నీతో పెట్టుకుంటే తెల్లారిపోతుంది. వెళ్ళి టీ పెట్టు."

"మీ చెల్లెలికి చెప్పారా?"

"చెప్తాలే."

చెప్పలేదు. రెండు పక్కలా గోరంత మందాన ఆకురాయితో రాసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఊది, గుడ్డతో తుడిచాడు. బ్యాటరీ లోపలికి జారింది. టక్కుమంది కూడా. పని కుదిరిందని మురిసిపోయాడు, పిచ్చి మారాజు. ఆ గూడు బిగుతుగా ఉండటమే "నన్ను పెట్టకురా" అని ఆ బ్యాటరీ చెప్పే మాటని ఆయనకి తట్టలేదు. ఆ నోరు కాస్తా చిత్రిక పట్టి మూయించేశాడు.

ఆ సాయంత్రం చెల్లెలు మెట్లెక్కుతూ అడిగింది. "మూడూ బావున్నాయా అన్నయ్యా?"

"నీకెందుకు, నేను చూసుకుంటున్నాగా."

"నువ్వుండగా నాకేంటి" అని గబగబా పైకెళ్ళిపోయింది.

రెండు మూడు పనులు సాఫీగానే సాగిపోయాయి. ఆ తర్వాత ఒక పాత మేడ. పై అంతస్తు గోడకి బీట. కింద వరండాలో ఒక దర్జీ మిషను కుట్టుకుంటున్నాడు, పక్కన కత్తిరించిన గుడ్డ ముక్కల గుట్ట. ఎండ మాడ్చేస్తోంది. మేస్త్రీ బ్యాటరీ పెట్టి, లాగి చూసి ఇచ్చాడు. ఎగిరింది. పైన బీట పొడుగునా నెమ్మదిగా జరుగుతోంది. ఎగిరేటప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది కదా, ఉబ్బినది ఇంకా ఉబ్బుతుంది. లోపల ఒరుసుకుని దాన్ని ఆపే అంచు ఏదీ మిగల్లేదు. అది క్లిప్పులని నెట్టేసింది.

చప్పుడు ఆగిపోయింది. పైన చప్పుడు ఆగిపోవడమంటే ఏంటో ఇద్దరికీ తెలుసు.

"జరగండీ!" అని మేస్త్రీ గొంతు చించుకున్నాడు. డ్రోన్ కిటికీ చూరుకి కొట్టుకుని ముక్కలైంది. బ్యాటరీ విడిగా పడి, వరండా గచ్చు మీద జారి, సరాసరి ఆ గుడ్డల గుట్టలోకి దూరింది. బుస్సుమంటూ తెల్లటి పొగ. దర్జీకి మిషను చప్పుడులో ఏమీ వినిపించట్లేదు, వీపు ఇటే ఉంది.

చెల్లెలు రిమోట్ పడేసి పరిగెత్తింది. మేస్త్రీ కూడా పరిగెత్తాడు, అంటే ఆ మోకాలితో పరిగెత్తాననుకున్నాడు. ఆయన సగం దూరం వెళ్ళేసరికి ఆ పిల్ల గుడ్డల్లో చెయ్యి పెట్టి దాన్ని లాగి, వీధిలో ఇసుక మీదకి విసిరేసింది. విసురుతుండగానే భగ్గుమంది, చేతిలోనే.

దర్జీ బతికిపోయాడు. మిషను కూడా బతికిపోయింది. ఆయన తర్వాత ఆసుపత్రికొచ్చి, కట్టు కట్టిన చెయ్యి పట్టేలా ఒక చేతికి మాత్రం వెడల్పు పెట్టి కుట్టిన చొక్కా ఇచ్చి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు.

అరచెయ్యి మానుతుందన్నారు డాక్టర్లు. కుడి బొటనవేలు మాత్రం వంగినంతే వంగుతుందట. అది సగం దాకానే వంగుతోంది. వంతెన కంపెనీ వాళ్ళు ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడారు. చెయ్యి బాగయ్యాక చూద్దామన్నారు. ఈలోగా ఇంకెవరినో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఒకటే పాట పాడేది. "గాలి చూసుకోకుండా పైకి తీసుకెళ్ళాను అన్నయ్యా. వేలు ఎక్కడో జారుంటుంది. నిద్రలేని కళ్ళతో ఎగరేశాను, నా పొగరు." మేస్త్రీ పక్కనే కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. మాట గొంతు దాకా వచ్చేది. అదిగో ఇప్పుడు చెప్పేస్తాడనిపించేది. "తిను తల్లీ" అనేవాడు. భార్య వంటింట్లోంచి ఆయన వంక చూసేది. ఆయన తల దించుకునేవాడు. రోజూ ఇదే వరస. నోరు తెరిచి ఒక్క మాట అనడం అంత కష్టమా అని మనం అనుకుంటాం. ఎంత ఆలస్యమైతే ఆ మాట అంత బరువెక్కుతుంది, అప్పుడిక ఎత్తడం ఎవరి వల్లా కాదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల డ్రోన్ ముక్కలు తెమ్మంది.

"ఎందుకు తల్లీ ఇప్పుడు?"

"నా తప్పు ఎక్కడుందో చూసుకోవాలి. లేకపోతే మళ్ళీ రిమోట్ పట్టుకోలేను."

సంచీ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆ పిల్ల ఎడమ చేత్తో ఒక్కో ముక్కా తీసి, కిటికీ వెలుగులో తిప్పి చూసి పక్కన పెట్టింది. బ్యాటరీ గూడు వచ్చింది. అంచు మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు రాసింది. మళ్ళీ అటు నుంచి ఇటు రాసింది.

"పడితే విరుగుతుంది అన్నయ్యా. ఇంత నున్నగా అవదు."

మేస్త్రీ చెయ్యి చాపాడు. ఆ పిల్ల ముక్క ఇవ్వలేదు.

"ఉబ్బిందా?"

తలూపాడు. "పరీక్ష ముందు నీకు కంగారెందుకని... ఉన్నవే మూడు కదా అని..." ఆ మాటలు ఎంత చిన్నవో ఆయన చెవులకే తెలుస్తున్నాయి.

"చెప్పుంటే పడేసేదాన్ని. అంతే కదా."

"తిట్టవే. కొట్టు. ఏదో ఒకటి అను."

ఆ పిల్ల ఆ ముక్క పక్కన పెట్టింది. కుడి బొటనవేలు వంచబోయింది, అది ఎప్పటిలాగే సగంలో ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు. గొంతు మాత్రం లేవలేదు.

"వేలు పోతే పోయింది అన్నయ్యా. చెప్పకపోవడం కూడా నా మంచికే అనుకున్నావు, సరే. కానీ ఇన్నాళ్ళూ తప్పు నా చేతిదేనని నేను ఏడుస్తుంటే, పక్కనే కూర్చుని ముద్దలు పెడుతూ విన్నావు చూడు..."

మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అన్నం పెట్టనా అని వంటింట్లోంచి భార్య అడుగుతోంది. మేస్త్రీ పక్కన పెట్టిన ముక్కలు ఒక్కొక్కటే ఏరి సంచీలో వేయడం మొదలుపెట్టాడు.