మేము అనలేని మనిషి

నాకు కోపం ఎక్కువని మా అత్తింటి వైపు వాళ్లంతా అంటారు. అననీండి. పెళ్లయిన నాటి నుంచీ అంటున్నారు, నాకు కొత్త కాదు. కానీ ఈ వేసవిలో మా ఇంట్లో జరిగింది విన్నాక కూడా కోపం రాని మనిషి ఎవరైనా ఉంటే, వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి. కాఫీ మాత్రం ఇవ్వను.

మాది రెడ్డిగూడెం. మామిడితోట ఉంది. కాయ కోత మొదలైన దగ్గర్నుంచి ఆఖరి రసాలు లారీ ఎక్కేదాకా మా ఇంట్లో పొయ్యి ఆరదు. కోతకి వచ్చిన కూలీలకు టీలు, కాపలావాళ్లకు అన్నం, సరుకు చూడటానికి నూజివీడు నుంచి వచ్చే షావుకార్లకు టిఫిన్లు. వీళ్లు చాలరన్నట్టు, ఏడాదంతా ఫోన్ చెయ్యని చుట్టాలకు సరిగ్గా అప్పుడే మా మీద ప్రేమ పుట్టుకొస్తుంది. చూసిపోదామని వస్తారు, భోంచేస్తారు, పళ్లబుట్ట కట్టించుకుని పోతారు. బుట్ట కట్టడం మా ఆయన వంతు, భోజనం నా వంతు.

బండి కొందామన్న ఆలోచన ఆయనదే. వెంకటకృష్ణారావు గారికి సెల్‌ఫోన్ చూడటం ఎక్కువ. బండినే ఇల్లు చేసుకుని ఊళ్లు తిరిగే మొగుడూ పెళ్లాల వీడియోలు చూసి చూసి, ఒకరోజు పాత టెంపో ట్రావెలర్ కొనేశాడు. సీట్లు పీకించి పడకలు పెట్టించడానికి విజయవాడలో ఒక షెడ్డుకి ఇచ్చాడు. "ఏం బసవమ్మా, సినిమావాళ్ల క్యారవాన్ అంటగా, మేకప్‌మ్యాన్ ఎప్పుడొస్తున్నాడు?" అని వీధిలో ఆడవాళ్లు ఆటపట్టించారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు నవ్వు వచ్చేది.

మా అమ్మాయి హరిచందన హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. వీడియో కాల్‌లో మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. "ఊళ్లూ తేదీలూ తర్వాత చూసుకోవచ్చు నాన్నా. ముందు గోల్స్ అనుకోండి. ఈ ట్రిప్పులో నీకేం కావాలి, అమ్మకేం కావాలి? అది తేలితే ప్లాన్ ఎంత వదులుగా ఉన్నా పర్లేదు."

ఆయన అరకు కొండలు చూడాలన్నాడు. పొద్దున్నే మంచులో నిలబడి టీ తాగాలన్నాడు.

"నువ్వు చెప్పమ్మా," అంది హరిచందన.

నాకు చెప్పడానికి ఒక్కటే ఉంది. "పొద్దున్న మెలకువ వచ్చేసరికి ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేకుండా ఉండాలి. బండిలో వంట వద్దు. టీకి చిన్న స్టవ్ ఉంటే ఉండనీ, ఆ టీ కూడా మీ నాన్నే పెట్టాలి. మిగతాదంతా హోటల్లో తింటాం."

"అంతేనా?" అన్నాడాయన.

"అంతే."

"అదెంత భాగ్యం," అన్నాడు. నా మొహం చూస్తూ మరీ అన్నాడు. అంతకన్నా ప్లాన్ మాకు లేదు. తోట పని అవగానే, వానలు గట్టిపడకముందు బయల్దేరడం. నచ్చినచోట ఆగడం, నచ్చకపోతే సాగిపోవడం. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో ముందు మాకే తెలియకూడదనుకున్నాం. ఆ తర్వాత కోతలు అయ్యేదాకా ఎంతమందికి వండినా నాకు విసుగు రాలేదు, నిజం చెప్తున్నాను.

ఇదంతా పాడుచెయ్యడానికి ఒక్క మాట సరిపోయింది.

ఆయనకు అక్క ఉంది, శేషారత్నం వదిన. బాపులపాడులో ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఈయన ఆవిడతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను వంటింట్లో ఆవకాయకి కాయలు తుడుస్తున్నాను. "అవునక్కా, బండి తయారవుతోంది. తోట పని అయిపోగానే మనం అరకు వెళ్దాం," అన్నాడు.

మనం. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఫోన్ పెట్టేదాకా ఆగి బయటికి వచ్చాను.

"మనం అన్నారేంటండీ? మేము వెళ్తున్నాం అనాలి కదా."

"ఏదో మాటవరసకి అన్నాలేవే."

"మేము అనడానికి నోరు రాలేదా?"

"సొంత అక్కతో మేము అని ఎలా అంటానే? నువ్వు వేరు, నేను వేరు అన్నట్టుండదూ? చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లం."

ఒకే కంచంలో తిన్నది వాళ్లిద్దరూ. ఇప్పుడు ఆ కంచం నింపాల్సింది నేను. అయినా మాటవరసకి ఎవరైనా మనం అంటే, తెలిసినవాళ్లు "మీరు క్షేమంగా వెళ్లిరండి" అంటారు. మా వదిన "ఎప్పుడు?" అంది.

వాళ్లాయన్ని, అదే మా అన్నయ్యగారిని, వెంటబెట్టుకుని ఆ వారంలోనే దిగింది. వరండాలో కుర్చీ వేయించుకుని, మా బండికి దారి చెప్పడం మొదలుపెట్టింది. "అన్నవరంలో నాకు వ్రతం మొక్కు ఉండిపోయింది తమ్ముడూ, ముందు అది కానిద్దాం. తునిలో చిన్నత్త కూతురుంది, ఊరి మీదుగా పోయి ఇంటికి వెళ్లలేదంటే జన్మలో మాట్లాడదు. అనకాపల్లిలో మీ బావ పిన్నిగారింట్లో ఒకపూట ఆగాలి. అటునుంచి సింహాచలం ఎలాగూ దగ్గరే." నచ్చినచోట ఆగుదామనుకున్న మా దారిలో ఊరికో చుట్టం వచ్చి కూర్చున్నాడు. మా ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. అరకు మాట ఆవిడా ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

"అన్నట్టు మీ బావకి షుగర్, బయటి తిండి పడదు. బండిలోనే ఇంత పప్పూ అన్నం వండుకుంటే చాలు. బసవమ్మ ఉండగా మనకి దిగులేంటి," అంది చివర్లో.

మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. "ఈ ప్రయాణంలో నేను వండనని ముందే చెప్పాను వదినా. మీ తమ్ముణ్ణి అడగండి."

మా ఆయన తోటవైపు చూశాడు. వదిన నవ్వింది. "వండకుండా నువ్వుండగలవా ఏంటి? నీ చేతులు ఊరుకుంటాయా?" అంది. అన్నయ్యగారు కూడా నవ్వారు. అది పొగడ్త అనుకున్నారు వాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. నా చేతుల సంగతి నాకు తెలియనట్టూ, వాటి తరఫున ఈవిడ మాట్లాడుతున్నట్టూ.

బండి వచ్చిన రోజు ఆయన నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ముందు పడకలు. వెనక, చిన్న స్టవ్ ఉండాల్సినచోట నల్లరాయి గట్టు, రెండు బర్నర్ల పొయ్యి, గిన్నెలు కడగడానికి సింకు, రైస్ కుక్కర్‌కి ప్లగ్గు, మిక్సీకి అర.

"గట్టు ఎత్తు చూడవే. నీకు నడుంనొప్పి రాకూడదని ఇంట్లో గట్టు కొలిచి మరీ చేయించాను."

ఆయన నిజంగానే సంబరపడుతున్నాడు. అది చూస్తే నాకు ఇంకా మండింది. కావాలని చేసుంటే నాలుగు తిట్టి ఊరుకుందును.

"గట్టు కొలిచారు సరే. నేను అడిగిందేంటో గుర్తుందా?"

"గుర్తు లేకేం. ఈసారికి సర్దుకో బసవా. పెద్దవాళ్లు, రమ్మన్నాక వద్దని ఎలా అంటాం? మళ్లీసారి మనిద్దరమే వెళ్దాం."

"రమ్మన్నది మీరు. సర్దుకునేది నేనా? ఫోన్ చేసి పొరపాటున అన్నానని చెప్పండి."

"చచ్చినా చెప్పలేను."

"అయితే నేను రాను."

"కోపం తగ్గితే నువ్వే ఎక్కుతావులే," అని ఆయన బండి తుడుచుకోవడంలో పడ్డాడు. కొన్నాళ్లు ఇల్లు వదిలిపోదామని నేనంటే, వంటిల్లు పెరికి చక్రాల మీద పెట్టించి నా వెనకే పంపిస్తున్న మనిషితో ఇంకేం మాట్లాడను?

బయల్దేరే రోజు వదిన కొత్త చీర కట్టుకుని వచ్చింది. అన్నయ్యగారి చేతిలో కందిపప్పు సంచి. ఇద్దరూ ఎక్కి కిటికీల దగ్గర కూర్చున్నారు. ఆయన హారన్ కొట్టాడు. నేను ఇంటి చీరలోనే గేటు దగ్గర నిలబడ్డాను.

"రావే, ఎండెక్కుతోంది."

"రానని చెప్పానుగా."

వదిన కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇదేం విడ్డూరమమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"కోపిష్టిదనుకుంటారు వదినా. ఇప్పుడు మాత్రం అనుకోవట్లేదా?"

ఆయన దిగి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఆగిపోతే అక్క ఏమనుకుంటుందే?"

అక్క ఏమనుకుంటుందని అడిగాడు. నేనేమనుకుంటున్నానో అప్పటికీ అడగలేదు. బండి తాళం తీసి జేబులో వేసుకుని, ఇంకోసారి చూద్దాంలే అక్కా అంటాడేమోనని ఆశపడ్డాను, దాచుకోవడం దేనికి. ఆయన వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బండి నూజివీడు రోడ్డెక్కింది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి ఎండ మంచం మీదికి వచ్చేసింది. కోతలు అయిపోయాయి కాబట్టి కూలీలు లేరు. షావుకార్లు లేరు. పళ్లు లేవు కనుక చుట్టాలూ లేరు. గేటు చప్పుడైతే లేవాల్సిన పని లేదు. అడిగిన పొద్దు నాకు దొరికింది, మా ఇంట్లోనే దొరికింది. దానికి మిగతావాళ్లంతా బండెక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది. పక్కన ఆయన లేడు. అది చిన్న లోటని నేననను. ఇద్దరం కలిసే ఇలా పడుకుని ఉండాలనుకున్నాను నేను.

అప్పుడే ఫోన్ మోగింది. అన్నవరం నుంచి ఆయనే.

"బసవా, అన్నానికి ఎసరెంత పెట్టాలే? రాత్రి ముద్దయిపోయింది. వ్రతం అయ్యేదాకా అక్క పొయ్యి ముట్టుకోనంటోంది. బావ ఆకలంటున్నాడు."

"హోటల్లో ఇడ్లీ తినమనండి. ఇడ్లీకి షుగరేం రాదు."

"నువ్వు బస్సెక్కి వచ్చెయ్యరాదూ? ఎక్కడ ఆగమంటే అక్కడ నీకోసం ఆగుతాం. నువ్వు లేక అస్సలు బాగోలేదే."

గొంతు నీరసంగా ఉంది. నాకూ ఒక్క క్షణం మనసు కరిగింది. కరిగింది కాబట్టే అడిగాను.

"నేను లేకా, వంట లేకా?"

అవతల కుక్కర్ మూత కింద పడిన చప్పుడు. వదిన ఏదో అడుగుతోంది. ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు, "అదేంటే..." అన్నాడు, మళ్లీ ఆగాడు.

వెతుక్కుని చెప్పే జవాబు నాకక్కర్లేదు. ఫోన్ పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాను.