ఆవిడ చేసిన పనులు

"ఆ మాత్రలు వేసుకున్న రోజులే నయం. ఇంట్లో పనన్నా అయ్యేది" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

గిన్నెలు తోముతున్న ఆమె చేతులు ఆగలేదు. ఆ మెప్పు తనకు కాదు, మాత్రలు వేసుకున్న ఆవిడకి.

నడుం ఆపరేషనయ్యాక డాక్టరు నొప్పి మాత్రలు రాసింది పది రోజులకే. పదకొండో రోజు ఆమె పొయ్యి దగ్గర కూలబడితే, భర్తే ఎక్కడినుంచో ఇంకో అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. "వేసుకుని లే. అమ్మ ఒక్కతే ఎంతకని చేస్తుంది?" వేసుకుంది. కానీ లేచింది మాత్రం ఆమె కాదు. ఆ రోజునుంచి ఆమె ఒంటితోనే ఇంట్లో ఇంకో మనిషి తిరగడం మొదలైంది. ఆమె కళ్లు తెరిచేసరికి బట్టలు మడతపెట్టి ఉండేవి, గచ్చు తడితడిగా మెరుస్తుండేది. చేసినట్టు గుర్తుండేది కాదు. ఒకసారి మోచేతి మీద కాలిన బొబ్బ కనిపించింది. కాలిన సంగతే తెలియదు. "మా కోడలు నోట్లో నాలుక లేని మనిషి" అని అత్తగారు పొరుగావిడతో మురిసిపోతుంటే, తలుపు చాటునుంచి విని, ఎవరీ అదృష్టవంతురాలు అనుకుంది.

మూడేళ్లు ఆవిడే కాపురం చేసింది. చివరికి స్నానాల గదిలో స్పృహ తప్పి పడితే ఆసుపత్రికి మోశారు. "పరువు తీశావు" అన్నాడు భర్త. అట్టలు తెచ్చిన చెయ్యి ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పన్నెండు రోజులుగా పొద్దున్నే క్లినిక్కుకి వెళ్తోంది. మాత్రల మీద యావ చంపడానికి మెథడోన్ అనే మందు తాగిస్తారు. అద్దం కిటికీ వెనక నర్సు గ్లాసు అందిస్తుంది, తాగాక "ఏదన్నా మాట్లాడండమ్మా" అంటుంది. మందు నోట్లో దాచుకోలేదని తెలియాలిగా. "మింగానండి" అంటుంది ఆమె. రోజూ ఆ ఒక్క మాటే.

గిన్నెలు సర్ది టీపొడి డబ్బా మూత తీసింది. లోపల కొత్త అట్ట. ఒక్క మాత్రా తియ్యలేదు. పక్కనే గ్లాసులో నీళ్లు కూడా పోసి పెట్టి ఉన్నాయి, ఎవరో రావలసి ఉన్నట్టు. గుమ్మం దగ్గర భర్త అడుగుల చప్పుడు ఆగింది. చెయ్యి దానంతటదే అట్ట వైపు సాగింది. అది తన చెయ్యో, ఆవిడ చెయ్యో ఒక్క క్షణం తెలియక ఆమెకు భయమేసింది.

అట్టని గుప్పెట్లో బిగించి, భర్తను దాటుకుని, చెప్పులేసుకుని క్లినిక్కుకి నడిచింది. మందు తాగింది.

"ఏదన్నా మాట్లాడండమ్మా" అంది నర్సు.

ఆమె అట్టని కిటికీ గట్టు మీద పెట్టింది. "ఇవి మా ఆయన తెచ్చారండి. నాకు కాదు, ఆవిడకి. ఆవిడ కోసం ఎదురు చూసే ఇంటికి నేనిక వెళ్లను."