సిగ్నల్ అందే మేర

పొద్దున ఆరు నుంచి పది దాకా నేనెక్కడ ఉంటానో మా ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. ఇనుప సామాను కొట్లో రేడియో మోగుతూ ఉంటుంది, అందులో నేను వాగుతూ ఉంటాను. గొంతు వినబడుతోందంటే పెళ్ళాం స్టూడియోలో ఉన్నట్టే. పద్నాలుగేళ్ళుగా ఊరందరికీ నేను రేడియో అక్కని. ఆయనకి మాత్రం మెడలో గంట కట్టిన ఆవుని.

పెద్ద నగరంలోని స్టేషన్ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆయన ఉత్తరం చదివి, "ఇక్కడ నీకేం తక్కువైంది?" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం మా స్టేషన్ ఇంజనీరు గారిని బతిమాలి, మర్నాటి కార్యక్రమంలో నా మాటలన్నీ రికార్డు చేసి పాటల మధ్య అతికించేశాం. టైము చెప్పే చోట్ల నిమిషం కూడా తేడా లేకుండా చూసుకున్నాను.

ఆరున్నర బస్సెక్కాను. డ్రైవరు రేడియో పెట్టాడు. నేనే! మా సిగ్నల్ ఎనభై కిలోమీటర్లు అందుతుంది. అది దాటేదాకా నోరు విప్పితే కొంప మునిగినట్టే. దిగాల్సిన ఊరి పేరు కాగితం మీద రాసి కండక్టరుకి చూపించాను.

"అయ్యో, మాట రాదామ్మా?" అని జాలిపడి, నాకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

గంట గడిచేసరికి వాన మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే మా ఊరివైపు ఆకాశం ఇంకా నల్లగా ఉంది. సరిగ్గా అప్పుడే రేడియోలో నేను హుషారుగా, "మా స్టూడియో కిటికీలోంచి చూస్తే మబ్బు తునకైనా లేదండీ!" అన్నాను. రోజూ చెప్పే మాటే. రికార్డు చేస్తూ కూడా అలవాటు కొద్దీ కిటికీలోకి చూసి అనేశాను.

నేను ఏ చిన్న తప్పు చెప్పినా మా ఆయన వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి దులిపేస్తారు. మా ఇంజనీరు గారికేమో అబద్ధమాడటం చేతకాదు.

అరగంటకి పాట మధ్యలో ఆగింది. ఎవరో నెత్తిన నిలబడి చదివిస్తున్నట్టు ఇంజనీరు గారి గొంతు తడబడింది.

"కనబడుటలేదు. వయసు ముప్పై ఎనిమిది. ఆకుపచ్చ చీర, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. మతిస్థిమితం లేదు. ఆచూకీ తెలిసినవారు ఈ నెంబరుకి..."

పేరు మాత్రం చెప్పలేదు. పరువు కదా!

బస్సు బస్సంతా నా చెంపవైపు తిరిగింది.

"నాకే పిచ్చీ లేదు. ఉద్యోగం కోసం వెళ్తున్నాను. బస్సు ఆపకండి," అన్నాను. "నేను రేడియో అక్కని!"

మూగది మాట్లాడేసరికి కండక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంతలో ఆగిన పాట మళ్ళీ మొదలై, అయిపోయింది. "ఎనిమిదీ పది అయిందండీ! మీ రేడియో అక్క మీతోనే ఉంది, ఎక్కడికీ పోదు," అని నా గొంతు బస్సంతా మోగింది.

"చూశారా, పాపం! గొంతు కూడా అచ్చం దించేస్తోంది," అంటూ డ్రైవరు బస్సు పక్కకి తీశాడు. కండక్టరు అప్పటికే ఆ నెంబరుకి ఫోన్ చేస్తున్నాడు.

"ఆ రేడియో కట్టెయ్యండి! దణ్ణం పెడతాను, కట్టెయ్యండి!" అని ఏడ్చాను.

పక్క సీట్లో పెద్దావిడ నా తల తన భుజానికి ఆనించుకుంది. "కట్టెయ్యకు నాయనా, ఇంకాస్త పెంచు. ఆవిడ మాటలు వింటే ఈ పిచ్చితల్లి నెమ్మదిస్తుంది."