మెత్తటి కడుపు

సమ్మమ్మను క్యాజువాలిటీకి తెచ్చేసరికి పదకొండయింది. పాలంపేటలో పొద్దున నాటు వేస్తూ మడిలోనే కూలబడిందట. మోకాళ్ల దాకా బురద ఎండి పెచ్చులు కట్టింది. భర్త సాంబయ్య స్ట్రెచర్ పట్టుకుని వెంటే నడుస్తున్నాడు.

డ్యూటీ డాక్టర్ సుకన్య కాశిబుగ్గ నేతపని వాళ్ల అమ్మాయి. డాక్టరై ఇంకా రెండేళ్లు నిండలేదు.

"ఏడ నొస్తాందమ్మా?"

"అంతట బిడ్డా. పేగులు పట్టి పిండినట్టయితాంది. నేను బతక."

సుకన్య కడుపు నాలుగు వైపులా నొక్కి చూసింది. అపెండిక్స్ అయితే కుడివైపు కింద చెయ్యి వేయనివ్వరు. కడుపులో పుండు పగిలితే పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. సమ్మమ్మ పొట్ట మెత్తగా ఉంది. అంత మెత్తటి కడుపుకు ఇంత నొప్పి ఎందుకో అర్థం కాలేదు. నాడి పట్టుకుంది. అది గబగబా కొట్టుకుంటూ మధ్యమధ్యలో తప్పుతోంది, ఒక లయంటూ లేదు. ఈసీజీ, స్కాన్ అని కాగితం మీద రాసి, నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించింది.

ఆ పరీక్షలకు తీసుకెళ్లేలోపే ములుగు రోడ్డు మీద ఆటో బోల్తాపడి ఆరుగురు వచ్చారు. సుకన్య అటు పరుగెత్తింది. గంటన్నర తర్వాత తిరిగి వచ్చేసరికి సమ్మమ్మ లేచి కూర్చుని ఉంది.

"తక్కువైంది మేడమ్," అన్నాడు సాంబయ్య. "సూది మంచిగ పనిచేసింది. ఇగ పోతం."

"స్కాన్ తీసినంక పోండ్రి కాకా."

"నాటు సగంల ఉన్నది మేడమ్. రేపు నాటుకచ్చే కైకిలోల్లు వేరేకాడికి పోతరు. మల్ల నొస్తే వస్తం గద."

సుకన్య మళ్లీ నొక్కి చూసింది. కడుపు మెత్తగానే ఉంది. అటు పక్క రక్తం కారుతున్న మనిషి అరుస్తున్నాడు. గ్యాస్ నొప్పే అయి ఉంటుందని నమ్మాలని ఆమెకూ అనిపించింది. చీటీ మీద అదే రాసి పంపించేసింది.

మర్నాడు మధ్యాహ్నం సమ్మమ్మను మళ్లీ తెచ్చారు. పొట్ట ఉబ్బి రాయిలా ఉంది, చేతులు చల్లబడ్డాయి. సర్జన్ గోపాల్ వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లాడు. సుకన్య కూడా వెళ్లి నిలబడింది.

కడుపు తెరిచారు. చిన్నపేగు దాదాపు మొత్తం నల్లబడిపోయింది. లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం వచ్చి పేగుకు నెత్తురు పోసే నాళంలో అడ్డుపడింది. నిన్న నొప్పి తగ్గిందనుకున్నది తగ్గడం కాదు, పేగు చచ్చిపోవడం. కోసి తీసేస్తే మిగిలేదేమీ లేదు. గోపాల్ మళ్లీ కుట్టేశాడు.

"నిన్ననే తెరిస్తే సార్?"

ఆయన గ్లవ్స్ తీస్తూ, "నిన్నయితే చాన్స్ ఉండె," అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సాంబయ్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సుకన్య అతని పక్కనే కింద కూర్చుంది.

"ఇగ ఏం చేయలేం కాకా. నిన్న నేను పంపకుండ ఉండాల్సింది. నాడి తప్పుతాందని నాకు తెలిసింది. తెలిసి కూడ పంపిన."



"నువ్వు ఆగుమన్నవ్ బిడ్డా. నాటు, నాటు అని నేనే తొందర పెట్టిన."

ఆ మాటతో తన భారం తగ్గుతుందేమోనని సుకన్య ఒక్క క్షణం ఎదురుచూసింది. తగ్గలేదు. అతని భారం కూడా కళ్లెదుట కనబడింది, అంతే.

సాయంత్రం సమ్మమ్మకు కొంచెం తెలివి వచ్చింది. "ఎన్నడు పోతం?" అని భర్తను అడిగింది.

"రేపు," అన్నాడు సాంబయ్య.

తెల్లవారి ఎనిమిదింటికి ఆమె చనిపోయింది. అంబులెన్స్ గేటు దాటే దాకా సుకన్య మెట్ల మీదే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి కేసు షీటు ముందు కూర్చుంది. మొదటి రోజే నాడి లయ తప్పడం గమనించానని, పరీక్షలు చేయించకుండానే పంపించానని రాసి సంతకం పెట్టింది.

వారం గడిచింది. దాని గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.