పుట్టిన వేళ

పెరట్లో కుళాయి దగ్గర రెండు బకెట్ల నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంటే తప్ప అమృతవల్లికి ఇంట్లోకి ప్రవేశం లేదు. అమలాపురంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఇరవై మూడేళ్ళుగా కాన్పులు చేస్తోంది, ఇరవై మూడేళ్ళుగా డ్యూటీ దిగి తడిచీరతోనే వంటింట్లోకి వెళుతోంది. చలికాలమైనా అంతే, ఒళ్ళు కాలుతున్నా అంతే. "పురిటి మైల మన గడప దాటకూడదమ్మా" అంటుంది అత్తగారు అచ్చయమ్మ. ఆ మైలలోంచి వచ్చే జీతానికి మాత్రం ఏ స్నానమూ అక్కర్లేదు.

భర్త బాలగంగాధరం సిద్ధాంతి. పంచాంగంలో ఆయన మాటంటే కొత్తపేట నుంచి రాజోలు దాకా తిరుగులేదు. రెండేళ్ళుగా ఆయనకీ అదే ఆసుపత్రిలో పని. రాజమండ్రిలో పెద్ద పెద్ద ఆసుపత్రులు లేచాక డబ్బున్నవాళ్ళు అటు వెళ్ళిపోయి ఇక్కడ గదులు ఖాళీ అయ్యాయి. డాక్టరు శ్రీరామచంద్రమూర్తిగారు ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. పది మంచాల పాత పురిటి వార్డు తీసేసి మూడు ఏసీ గదులు చేయించాడు, బయట 'శుభముహూర్త ప్రసవం' అని బోర్డు కట్టించాడు. సిద్ధాంతిగారు ముహూర్తం పెడతారు, డాక్టరుగారు కోత పెడతారు. ముమ్మిడివరం రొయ్యల చెరువుల్లో మోకాలిలోతు నీళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు నెలలు నిండాక ఆ పాత వార్డుకే వచ్చేవారు. ఇప్పుడెక్కడికి పోతున్నారో అడిగినవాడు లేడు. అన్నట్టు, ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే సిద్ధాంతిగారికి కాళ్ళు కడుక్కుంటే చాలు, మైల పోతుంది.

ఆవేళ యామినికి పదకొండూ ఇరవైకి ముహూర్తం. పలివెల రైతు కుటుంబం కోడలు, తొలికాన్పు. పదకొండు దాకా మూల నక్షత్రం, అది దాటితే అంతా శుభమే అని సిద్ధాంతిగారు రాసిచ్చారు. కడుపులో బిడ్డకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆరింటికే నొప్పులు మొదలయ్యాయి. తొమ్మిదిన్నరకి తల దిగిపోయింది. అమృతవల్లి డాక్టరుకి ఫోన్ చేసింది.

"నొప్పులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చేయండి అమృతవల్లిగారూ. పదకొండింటికల్లా నేనొచ్చేస్తాను."

"తల దిగిపోయిందండి. ఇప్పుడు ఆపితే బిడ్డకి ప్రమాదం అండి."

"మీవారు పెట్టిన ముహూర్తమేనండీ" అని నవ్వి ఫోన్ పెట్టేశాడాయన.

వెనక్కి తిరిగేసరికి యామిని అత్తగారు కనకరత్నం కోడలి మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కిపట్టుకుని ఉంది. "గంటన్నరేగా తల్లీ. కాస్త ఓర్చుకో. ఆడదానికి ఓర్పు లేకపోతే ఎలాగ?"

అమృతవల్లి ఆ చేతులకేసి చూసింది. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఇదే ఆసుపత్రిలో, ఇనుప మంచం మీద, తన మోకాళ్ళని అచ్చయమ్మ చేతులు అచ్చం ఇలాగే నొక్కాయి. "నాలుగూ యాభైకి మూల పోతుందే, బిగబట్టు. మూలలో ఆడపిల్ల పుడితే రేపు ఏ ఇంటివాళ్ళు చేసుకుంటారు?" కడుపులో వాణి ఆగలేదు. నాలుగూ పదికి నీలంగా పుట్టింది, ఏడవడానికి చాలాసేపు పట్టింది. తను కళ్ళు తెరిచేసరికి రిజిస్టర్లో ఐదు గంటలని రాయించేశారు. ఊరందరికీ నిమిషాలు లెక్కగట్టి శాస్త్రం చెప్పే మనిషి, సొంత కూతురి జాతకం దొంగవేళకి వేశాడు. ఆ సంగతి ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తనే మింగలేక కక్కలేక, ఏటా ఆ రోజు నాలుగూ పదికి ఎక్కడున్నా గడియారం చూసుకుంటుంది.

"చేతులు తియ్యండి" అంది కనకరత్నంతో.

"అది కాదమ్మా..."

"తీసి బయటికెళ్ళండి. నువ్వు ఊపిరి పీల్చుకుని ముక్కమ్మా యామినీ."

తొమ్మిదీ యాభైకి ఆడపిల్ల పుట్టింది. గది దద్దరిల్లేలా ఏడ్చింది. చెమటతో తడిసిన మొహంతో యామిని అడిగింది, "ఎన్నింటికి పుట్టిందండి?" అమృతవల్లి చెప్పింది. అదొక్కటే అడిగింది ఆ పిల్ల, మూలా లేదు, ముహూర్తమూ లేదు.

డాక్టరు వచ్చి బిడ్డని చూశాడు, తల్లిని చూశాడు. కేకలు వెయ్యలేదు. ఆయన ఎప్పుడూ పెద్దమనిషే. "అంతా బాగుంది కదండీ. పదకొండూ ఇరవై అని రాసేయండి, అందరికీ మంచిది. మీరు రాయలేకపోతే రేపటినుంచి వేరేవాళ్ళు రాస్తారు."

కాన్పుల రిజిస్టర్ తెరిచి కూర్చుంది. 'పుట్టిన వేళ' అన్న గడి ఖాళీగా ఉంది. ఉద్యోగం పోతే ఇంట్లో తన బతుకేమిటో తెలియనిది కాదు. భయం వేసింది. ఇంతలో ఫోన్ మోగింది, బాలగంగాధరం.

"వల్లీ, డాక్టరుగారు చెప్పేరు. రాసెయ్. గంటన్నర ఏపాటి? నా ముహూర్తం తప్పిందంటే రేపు నన్నెవరు పిలుస్తారు?"

ఆమె పెన్ను మూత తీసింది.

"మన వాణికి రాయించలేదూ? ఏమైంది, నిక్షేపంలా లేదూ?"

ఇరవై ఒక్కేళ్ళలో ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు. ఇంత తేలిగ్గా వచ్చే మాటనా తను ఇన్నేళ్ళూ గుండెలో రాయిలా మోసింది! కోపంతో చెవులు వేడెక్కాయి, భయం ఎటుపోయిందో తెలియలేదు.

"ఆయ్" అని ఫోన్ పెట్టేసింది. తొమ్మిదీ యాభై అని రాసింది. సహజ ప్రసవం, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని రాసి కింద సంతకం పెట్టింది. తర్వాత విశాఖపట్నంలో చదువుకుంటున్న వాణికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

రెండింటికి ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. బాలగంగాధరం వరండాలో మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. పెరటివైపు చెయ్యి చూపించి, "అక్కడే ఆగు, ముందు నీళ్ళు పోసుకో" అంది అచ్చయమ్మ.

అమృతవల్లి పెరటివైపు తిరగలేదు. భుజాన సంచీతో, పొడిచీరతో గడప దాటి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"వాణికి చెప్పేశానండి" అంది. "నాలుగూ పదికి పుట్టేవని."