విచ్చిన పూలు

ఊరంతా ఫోన్లోనే పూలు కొనడం మొదలుపెట్టాక వీధి చివరి పూలకొట్టు మూతపడింది. అత్త గులాబీ తోట అప్పటిదాకా ఆ ఒక్క కొట్టు మీదే బతికింది. ఇక మిగిలింది, ఆ ఫోన్లో అమ్మే కంపెనీయే. మొదటి సరుకు చూసి నచ్చితే రోజూ కొంటామన్నారు. నచ్చకపోతే మొక్కలు పీకించి, నేలను కార్లు నిలుపుకోవడానికి అద్దెకిస్తానని కొడుకు తేల్చి చెప్పాడు. అతను మాట మీద నిలబడే మనిషి, అదే వచ్చిన చిక్కు.

"అత్తయ్యా, వాళ్ళకి బిగుసుకున్న మొగ్గలే కావాలట. దూరం వెళ్ళాలి కదా," అంది కోడలు.

"తాతకు దగ్గులు నేర్పకే. మొగ్గలే కోస్తాలే."

మొగ్గలే కోసింది కూడా. కానీ వాటిని చూస్తుంటే మనసొప్పలేదు. కొట్టతనికి ఏనాడూ విచ్చని పువ్వు ఇచ్చి ఎరగదు. కొన్నవాళ్ళు పెట్టె తెరిచి ఈ పిడికిళ్ళను చూస్తే తోటకెంత చెడ్డపేరు? కొట్టుకు పెళ్ళి బేరం తగిలినప్పుడల్లా చేసినట్టే కాడలన్నీ గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి తలుపేసింది. తెల్లారేసరికి అన్నీ విచ్చుకున్నాయి. ఇల్లంతా గుబాళించింది. అత్త మొహం చేటంత అయింది.

కంపెనీ మనిషి బండి దిగి వచ్చి, పెట్టె మూత ఎత్తి మళ్ళీ దించేశాడు.

"ఇవి అయిపోయిన పూలమ్మా."

"అయిపోవడమేంటి నాయనా, ఇప్పుడే విచ్చుకుంటే?"

"చేరేసరికి రేకులు మిగలవమ్మా. నేను ఫొటో తీసి పంపాలి, అంతే."

పంపాడు. ఈ తోట వద్దని జవాబు అతను బండెక్కకముందే వచ్చింది.

కోడలు పెట్టె ఎత్తి లోపలికి తీసుకెళ్ళింది. ఓ మాట అనుంటే బాగుండేది, కనీసం పోట్లాడుకునేవాళ్ళు. తప్పు తనదేనని అత్తకు తెలుసు.

మధ్యాహ్నానికి కూలీలొచ్చారు. కొడుకు తల్లి కళ్ళలోకి చూడకుండా పని పురమాయించాడు. వేళ్ళతో సహా లేచిన మొక్కల్ని గోడవారన కుప్ప పోశారు.

మర్నాడు పొద్దున అత్త అటు వెళ్ళింది. కుప్పలోని మొక్కలకు కోయకుండా మిగిలిన మొగ్గలు వాటంతటవే విచ్చుకుని ఉన్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

వెనకాలే కోడలు కత్తెర పట్టుకుని వచ్చి నిలబడింది. "కోద్దామా అత్తయ్యా?"

"ఎవరికే?" అంది అత్త.

అయినా కత్తెర కోసం చెయ్యి చాపింది.