మొదటి అర్థం లవంగం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. నాయినమ్మ కనకవ్వ, అమ్మ సుమలత, మామిడికాయ తొక్కు తీసుకుపోవడానికి తంగళ్ళపల్లి నుంచి వచ్చిన మేనత్త కళావతి, నేను. బాపు మస్కట్‌లో ఉన్నాడు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి మధ్యాహ్నం ఫోన్లో వస్తాడు.

వంటింట్లో పాత చీర మీద మామిడికాయ ముక్కలు పరిచి ఉన్నాయి. పక్కన కారం, ఆవపిండి, ఒలిచిన ఎల్లిగడ్డలు. అత్త ఖాళీ సీసాలు తుడుస్తూ నా వైపు చూసింది.

"పండ్ల డాక్టరమ్మా, నీ వంటల బుక్కు తే. సీసాలకు చుట్టుకుంట. లేకుంటె బస్సుల పలుగుతయ్."

ఆ ఇంగ్లీషు వంటల పత్రిక మా ఇంటికి వచ్చిందే అలా. బాపు పంపిన పెట్టెలో గాజు గ్లాసులకు చుట్టి వచ్చింది. ముడతలు సాపుచేసి చూస్తే ఫ్రాన్స్ దేశపు ఇళ్లలో మామూలు రోజుల్లో వండుకునే వంటలు. ఫ్రాన్స్ అంటే అద్దాల హోటళ్లు, వెండి మూతలు అనుకునేదాన్ని. తీరా చూస్తే ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, పప్పు, గుడ్లు. ఒక పేజీలో ఒక ముసలామె సొట్టలు పడ్డ గిన్నెలో చారు కలుపుతోంది. ఇంట్లో ఏమీ లేని రోజు చేసుకునే ఎల్లిగడ్డ చారట. నిన్నటి రొట్టె మీద పోసుకుని తింటారట. నిన్నటి రొట్టె మా ఇంట్లోనూ ఉంటుంది.

నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, డైరీలో రాసుకుంటాను. ఆ చారు మొత్తం బడి డిక్షనరీ పెట్టుకుని తెలుగులో రాసుకున్నాను. 'ట్వెల్వ్ క్లోవ్స్ గార్లిక్' అని ఉంది. గార్లిక్ అంటే ఎల్లిగడ్డ. క్లోవ్ అంటే లవంగం. ఉగాది నాడు ఒక ఎల్లిగడ్డ, పన్నెండు లవంగాలు వేసి చేశాను. అందరి నాలుకలూ మొద్దుబారాయి. పంటి నొప్పికి మందు పెట్టినట్టుందని అత్త నాకు పండ్ల డాక్టరని పేరు పెట్టి, తన ఊళ్లో మరమగ్గాల సాంచాలు నడిపేవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. బాపుకు కూడా చెప్పింది. బాపు కూడా నవ్వాడు.

పరీక్షలయ్యాక డిక్షనరీ తిరిగి ఇచ్చే ముందు ఆ మాట మళ్లీ చూశాను. లవంగం కింద రెండో అర్థం ఉంది. రెబ్బ. నేను మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాను.

"ఇయ్య," అన్నాను.

అత్త తుడవడం ఆపింది. "నీ బిడ్డకు నోరచ్చింది వదినె."

"పాత పేపర్లు శాన ఉన్నయ్ తియ్యి," అంది అమ్మ, ముక్కల మీది నుంచి తలెత్తకుండానే.

"గవి పలుచగుంటయ్. గిది మందముంది."

"గా చారు ఇయ్యాల మళ్ల చేస్త అత్తా," అన్నాను. "అండ్ల లవంగాలు గావు, ఎల్లిగడ్డ రెబ్బలు. తాగి బాగలేదంటె బుక్కు చుట్టుకపో. బాగుంటె బాపు ఫోన్ చేసినప్పుడు నువ్వే చెప్పాలె."

"సరే చెప్త. అండ్ల ఏమేస్తరో జెర చెప్పు, మళ్ల నా నాలుక పోతె?"

"రెబ్బలు నూనెల మెత్తగ మగ్గాలె. జెరంత పిండి, నీళ్లు. నిన్నటి జొన్నరొట్టె."

"గంజే గదనే," అంది నాయినమ్మ. "దీనికి పరదేశం పుస్తకమెందుకు? కానియ్యి."

పన్నెండు రెబ్బలు లెక్కపెట్టుకున్నాను. గిన్నెలో కొంచెం నూనె పోసుకున్నాను. గూట్లోంచి రెండు గుడ్లు తీశాను. కారం కలుపుతున్న నాయినమ్మ చేయి అక్కడే ఆగింది.

"తొక్కు కలిపేనాడు వంటింట్ల గుడ్డు ముట్టుకుంటవా? ఏడాది తొక్కు బూజువడ్తది. ఆడ వెట్టు."

"గుడ్డు వోస్తెనే చిక్కగైతది నాయినమ్మా."

"గుడ్డు లేకుంట చెయ్యి."

పోయినసారి ఒక్క మాట తప్పు చదివాను, దానికే పండ్ల డాక్టర్‌నయ్యాను. ఈసారి సరిగ్గా చదివిన మాటను నా చేత్తో నేనే కొట్టెయ్యాలా?

"చెయ్య," అన్నాను.

"అక్షితా," అంది అమ్మ మెల్లగా. ఇక ఊరుకో అని దానర్థం. నేను ఊరుకోలేదు.

"పుస్తకంల ఉన్నట్టే చేస్త."

"గట్లనా? పొయ్యి నాది, తొక్కు నాది. నడు బయటికి."

పెరట్లో స్నానాల నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి ఉంది. గిన్నెలోనే రెబ్బలు, గుడ్లు, చిటికెడు ఉప్పు, ఒక పొట్లంలో పిండి పెట్టుకున్నాను. పైన జొన్నరొట్టె. పొయ్యి గట్టు మీది అగ్గిపెట్టె తీసుకున్నాను. పత్రికను చంకలో ఇరికించుకున్నాను.

"బుక్కన్న వెట్టిపో," అంది అత్త.

"చారు తాగినంక అడుగు."

గడప దాటాను. వెనక నాయినమ్మ లేచిన గాజుల చప్పుడు. తిరిగి చూస్తే రెండు అరచేతులూ ఎర్రగా, కారంతో, పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలోని అగ్గిపెట్టెను చూసింది. దాన్ని వెనక్కి అడగకుండానే మోచేత్తో నెట్టి తలుపు మూసేసింది.